మూడో చరణం

11 ఫిబ్రవరి 1935, సోమవారం

ఇప్పటికే రెండు సార్లు సిరా ఒలికించాను. మంచి సంగతికే.

బడి వదిలాక ప్లీడరు ప్రభాకరరావు గారు గేటు దగ్గరకే వచ్చారు. ఓబులయ్య గారికి మన మార్కాపురంలో సన్మానం చేస్తారట. దండ వేసి శాలువా కప్పి పంపించడం కాదు. ఆయన పాటలు పాడి పేరు తెచ్చుకున్న వాళ్ళందరినీ ఒకే పందిట్లోకి పిలిచి, ఒకరి తర్వాత ఒకరి చేత ఆయన పాటలే పాడిస్తారట. గుంటూరు నుంచి పుల్లయ్య గారు. బళ్ళారి నుంచి ఆంజనేయులు గారు. తెనాలి నుంచి నాగేంద్రమ్మ గారు. ఈ మూడు పేర్లూ ఆయన కూరగాయల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పారు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

వీళ్ళ గొంతులు నాకు గ్రామఫోన్‌లో తప్ప తెలియవు. కాఫీ హోటలు వెనక సందులో నడక తగ్గించి విన్నవే అన్నీ. నాటకం ఒక్కటి కూడా చూడలేదు. క్రైస్తవులు నాటకాలకు పోకూడదని మా పాస్టరు నిత్యానందం గారి రూలు.

ఓబులయ్య గారిది హనుమంతునిపాడు. నాటకాల కంపెనీలన్నిటికీ పాటలు రాసిన మనిషి ఇప్పుడు మా బడి వెనక వీధిలో, చిన్న కొడుకు ఇంట్లో ఉంటారు. ఆయన మనుమరాలు గురవమ్మ నా నాలుగో క్లాసులోనే చదువుతోంది. ఆయన రోజూ బడి గోడ పక్కనే గొడుగు వేసుకుని పోతారు. ఎవరినీ పలకరించరు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. మొదటి పాట మా బడి పిల్లలు పాడాలట. నేర్పించాల్సింది నేనట.

13 ఫిబ్రవరి

హెడ్‌మిస్ట్రెస్ గారు పర్మిషన్ ఇచ్చారు. నిత్యానందం గారి దగ్గర మాత్రం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. వేషాలు ఉంటాయా అని అడిగారు. ఉండవన్నాను. తెరలు ఉంటాయా అన్నారు. ఉండవన్నాను. అయితే అది నాటకం కాదు గదా అని ఆయనే అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలనే నేను అడిగిన దానికే జవాబు చెప్పి నిలబడ్డది.

ప్రోగ్రాం మార్చి రెండో తేదీ, శనివారం. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు పొద్దుండగానే బండ్లు కట్టుకుని పోవాలి కాబట్టి మధ్యాహ్నం మూడింటికే మొదలు పెడతారట.

16 ఫిబ్రవరి

ప్లీడరు గారి ఇంటికి పిలిపించారు. పెద్ద చిక్కు వచ్చి పడింది. ఒకటి కాదు, రెండు.

మొదటిది. ఓబులయ్య గారు వందల పాటలు రాశారు గానీ జనం నోట్లో ఎప్పుడూ ఆడేది ఒకటే.

పొద్దు గూకె, బాట మాసె, నీ జాడ లేదే
దీపమెట్టి తలుపు తీసి ఎంతసేపు ఉందునే

రాజు రాణి కోసం ఎదురు చూస్తూ పాడే పాట. ఆ రాజు వేషం కట్టి, మీసం పెట్టుకుని, మొదట పాడింది నాగేంద్రమ్మ గారే. ఆ తర్వాత ఆంజనేయులు గారు గ్రామఫోన్ ప్లేటు ఇచ్చారు. పుల్లయ్య గారు పాడితే గంట సేపు పాడతారట. ఇప్పుడు ఆ పాట తనకే ఇవ్వాలని పుల్లయ్య గారి టెలిగ్రాం. తనకు ఇవ్వకపోతే రానని ఆంజనేయులు గారి టెలిగ్రాం. ప్లీడరు గారు రెండు టెలిగ్రాములూ చెరో చేత్తో పట్టుకుని విసనకర్రల్లా విసురుకుంటున్నారు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఓబులయ్య గారు ఆ పాట ఎవరు పాడినా సరే అన్నారట. కానీ, "మా ఇంటామె రాకపోతే నేనూ రాను" అన్నారట. ఆమె పేరు కృష్ణమ్మ. ఆమె రానంటోంది. ప్లీడరు గారి భార్య పోయి బతిమాలి, తలనొప్పి తెచ్చుకుని తిరిగి వచ్చిందట. గురవమ్మకు చదువు చెబుతానని నా మీద కృష్ణమ్మకు గురి ఉందట. అందుకని నేను పోయి ఒప్పించాలట.

సరే అనేశాను. ఆ మూడు గొంతులూ వినాలంటే నేను మద్రాసు దాకా నడిచి పొమ్మన్నా పోయేదాన్ని. వెనక వీధి ఎంత.

18 ఫిబ్రవరి

పోయాను. కృష్ణమ్మ అవ్వ నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. నీళ్ళు అడిగితే చెంబుతో పైనుంచి దోసిట్లో పోసింది. నేను ఏమీ అనుకోను. అనుకుంటాను. ఇది నా డైరీ కాబట్టి అనుకుంటానని రాస్తున్నాను.

సన్మానం మాట ఎత్తేసరికి, "నేను రాను పంతులమ్మా" అంది. ఎందుకని అడిగాను. తెలిసి అడుగుతాండావా, తెలియక అడుగుతాండావా అంది. తెలియకే అన్నాను. అది నిజం.

అప్పుడు చెప్పింది. ఆ పొద్దు గూకె పాట నాగేంద్రమ్మ మీద మోజుతో రాశారని ఊరూరా అనుకుంటారట. ఏడాదిలో సగం రోజులు కంపెనీతో తిరిగేవారు కదా, అందుకు. "పెండ్లికి పోతే అదే పాడతారు. తిరునాళ్ళకు పోతే అదే పాడతారు. పాడి, నా మొగం చూస్తారు. పల్లవి ఎత్తుకోంగానే నేను లేచి వచ్చేస్తా. ఇప్పుడు ఆమెనే పిలిపించి, పందిరేసి, నన్ను ముందర కూచోబెట్టి పాడిస్తారా?"

 అయినా అడిగాను. ఓబులయ్య తాతను ఎప్పుడైనా అడిగావా అవ్వా అని.

"ఆయన ఇంట్లో నోరు తెరిచేది అన్నం తినను" అంది.

21 ఫిబ్రవరి

మళ్ళీ పోయాను. మళ్ళీ అదే.

23 ఫిబ్రవరి

పలకల కార్ఖానా పక్క మైదానంలో రాళ్ళు ఏరి పందిరి గుంజలు పాతుతున్నారు. పిల్లలు పాఠం వినడం లేదు. నేనూ చెప్పడం లేదు. రోజంతా పాటే. గురవమ్మ గొంతు గట్టిది గానీ ఉత్సాహం వస్తే ముందుకు పరిగెత్తి అందరి కంటే ముందే పాట ముగిస్తుంది.

పెద్దారవీడు నుంచి, దోర్నాల నుంచి బండ్లు వస్తాయట. గిద్దలూరు వాళ్ళు రైలుకు వస్తారట. ప్లీడరు గారు ఆ రాజు పాట కోసం పంతం పట్టిన ఇద్దరు రాజులకూ, పాట సంగతి ఇక్కడికి వచ్చాక మాట్లాడుకుందామని టెలిగ్రాం కొట్టారట. ఇంకా ఓబులయ్య గారి రాకే తేలలేదు, రాజులను పిలిచి ఏం చేస్తానమ్మా అని నన్నే అడిగారు.

26 ఫిబ్రవరి

అవ్వ ఇవ్వాళ తలుపు తీయలేదు. లోపల రోకటి చప్పుడు మాత్రం వినబడింది. నేను అరుగు మీద కూర్చున్నంత సేపూ దంచుతూనే ఉంది. ఏం దంచిందో గానీ మెత్తగా అయ్యుంటుంది.

1 మార్చి, శుక్రవారం

నెమ్మదిగా రాయాలి. లేకపోతే అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

పొద్దున్నే సన్మానం కమిటీ వాళ్ళతో మార్కాపురం రోడ్డు స్టేషనుకు పోయాను. నాగేంద్రమ్మ గారిని తోడుండి తీసుకురావడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు. రాత్రంతా నిద్ర లేదు. రైలు ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద జనం. పుల్లయ్య గారిని చూడగానే పోల్చుకున్నాను, ఆయన కూలీని పిలిచినా రాగం వస్తుంది. బళ్ళారి వైపు రైలుకు ముందే వచ్చి అక్కడే కూర్చున్న ఆంజనేయులు గారు ఇంత చిన్న మనిషని నాకు తెలియదు. ప్లేటులో అంత గొంతు ఆ ఛాతీలో ఎక్కడ పట్టిందో.

నాగేంద్రమ్మ గారు చివరి పెట్టెలోంచి దిగారు. నెరిసిన జుట్టు, లావుపాటి మనిషి, జరీ లేని తెల్ల చీర. నేను దండం పెట్టాను. పేరు అడిగారు. యేసుమణి అన్నాను. మంచి పేరు, పాటలో ఇముడుతుంది అన్నారు. నా పేరు గురించి అలా ఎవరూ అనలేదు.

జట్కాలో మేమిద్దరమే. ఓబులయ్య గారి ఆవిడ వస్తోందా అని ఆమే అడిగారు. నేను అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. మొత్తం చెప్పేశాను, జనం అనేది కూడా. చెప్పాక నాలుక కరుచుకున్నాను.  ఆమె, బసకు వద్దు, ముందు ఆ ఇంటికే పోనీయమను అన్నారు.

కృష్ణమ్మ అవ్వ కిటికీలోంచి మమ్మల్ని చూసి తలుపు వేసేసింది. నాగేంద్రమ్మ గారు అరుగెక్కి కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఎండ అరుగు మీదికి వచ్చింది. వీధిలో పోయే వాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆమె కదల్లేదు. చివరికి తలుపు వైపు తిరిగి, "అక్కా, రైల్లో వచ్చాను. గొంతు ఎండిపోయింది. రేపు పాడాలి. కాస్త మజ్జిగ ఇప్పించు" అన్నారు.

మజ్జిగ అడిగితే లేదనలేరు కదా. తలుపు తెరుచుకుంది. అవ్వ ఒక చేత్తో మజ్జిగ చెంబు, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు నింపి ఆమె పక్కన పెట్టింది. నాకు ఎప్పటిలాగే దోసిలి పట్టమంది. నేను పట్టాను. నాగేంద్రమ్మ గారు నన్ను చూశారు, గ్లాసును చూశారు, దాన్ని పక్కకు జరిపి తానూ దోసిలి పట్టారు.

అవ్వ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. తర్వాత లోపలికి పోయి ఇంకో గ్లాసు తెచ్చింది. నా ముందు పెట్టింది.  మజ్జిగ పులిసిపోయింది. నేను మొత్తం తాగాను.

అప్పుడు అవ్వ గడప మీద కూర్చుని సూటిగా అడిగేసింది. "ఆ పాట నీ మీద రాసినాడంట గదా."

నాగేంద్రమ్మ గారు నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "నేనూ కొన్నాళ్ళు అట్లాగే అనుకున్నాను అక్కా. వయసులో ఉన్నాను, అనుకోనా? ఒకరోజు అడిగేశాను కూడా. ఆయన నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మూడో చరణం విన్నావు కదా అన్నారు" అని చెప్పారు.

మూడో చరణం ఏంది, రెండే గదా అని అవ్వ అంది. నేనూ అదే అనబోయాను. ప్లేటులో రెండే ఉన్నాయి.

ఆయన పాట తెచ్చిన రోజు మూడు చరణాలు పాడి వినిపించారట. ఇది రాజు నోట్లో పెట్టే మాట కాదని కంపెనీ యజమాని మూడోది అప్పుడే తీసేయించాడట. ఓబులయ్య గారు మారు మాట అనలేదట. విన్నది ఆ యజమాని, నాగేంద్రమ్మ గారు, అంతే. యజమాని పోయి చాలా ఏళ్ళయింది.

అందులో ఏముందని అవ్వ అడిగింది.

"అది చెప్పేది కాదక్కా, పాడేది. రేపు పాడతాను. పల్లవి దగ్గర లేచిపోకు, చాలు."

అవ్వ, "వస్తానని నేను అనలా" అని లోపలికి పోయింది. కానీ ఈసారి తలుపు వేయలేదు.

అదే రోజు, సాయంత్రం

బసలో రాజులిద్దరూ పాట కోసం మాటా మాటా పెంచుకున్నారు. నాగేంద్రమ్మ గారు తమలపాకు నములుతూ విని, "మూడో చరణం మీలో ఎవరికి వచ్చు?" అన్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు వచ్చు, అందుకని నేను పాడతాను అన్నారు ఆమె. అయిపోయింది. ప్లీడరు గారు కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగారు.

2 మార్చి, శనివారం, ఉదయం

అవ్వ వస్తుందో రాదో ఇంకా తెలియదు. గురవమ్మకు జడలు వేయడానికి బడికి వచ్చిన వాళ్ళ అత్తను అడిగితే, అవ్వ పెట్టె తీసి చీరలు చూస్తా ఉంది, మేం నోరెత్తలేదు అంది.

అదే రోజు, రాత్రి ఏడు

ఇంత జనాన్ని నేను జన్మలో చూడలేదు. మైదానం నిండి, గోడలు నిండి, బండ్ల మీద నిలబడ్డారు. మా బడి పిల్లల్ని పక్కన నిలబెట్టి నేను ఆడవాళ్ళ వైపు చూస్తూనే ఉన్నాను. ముందు వరసలో చాప ఖాళీ. వేదిక మీద కుర్చీ ఖాళీ. మూడు దాటింది. ప్లీడరు గారు వాచీ తీస్తారు, పెడతారు.

అప్పుడు వీధి చివర గొడుగు కనబడింది. గొడుగు కింద ఇద్దరు. జనం దారి ఇస్తున్నారు. అవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుని, ఎవరినీ చూడకుండా, వచ్చి చాప మీద కూర్చుంది. కూర్చుని నా వైపు చేయి ఊపింది. పక్కన తట్టి చూపించింది. ఇక్కడికి రా అని. అంతమంది చూస్తుండగా.

పిల్లలు పాడారు. గురవమ్మ తాతను చూసిన ఉత్సాహంలో అందరి కంటే ముందే ముగించి చప్పట్లు కూడా తానే మొదలు పెట్టింది. జనం నవ్వారు, నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. పిల్లల్ని కూర్చోబెట్టి పోయి అవ్వ పక్కన కూర్చున్నాను.

పుల్లయ్య గారు రాగం తీశారు. తీస్తూనే ఉన్నారు. బండ్ల దగ్గర ఒక ఎద్దు రంకె వేసింది, అదే శ్రుతిలో. జనం విరగబడి నవ్వితే ఆయనా నవ్వి, ఎద్దుకు దండం పెట్టి, మళ్ళీ అక్కడి నుంచే అందుకున్నారు. ఆంజనేయులు గారు పాడుతుంటే పందిరి ఆకులు కదిలాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను. వన్స్ మోర్, వన్స్ మోర్ అని మగవాళ్ళ వైపు నుంచి అరుపులు. ఒక పాట ముగిసిందో లేదో ఇంకోటి. నా గుండె తబలాతో పాటే కొట్టుకుంది. వేదిక మీద ఓబులయ్య గారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని, తనవి కాని పాటలు వింటున్నట్టు కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా నాగేంద్రమ్మ గారు లేచారు. పల్లవి ఎత్తుకోగానే జనంలో గుసగుస పుట్టింది. తలలు మా వైపు తిరిగాయి. అవ్వ లేవబోయింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆలోచించలేదు, పట్టుకున్నాను. ఆమె విదిలించుకోలేదు.

మొదటి చరణం. రెండో చరణం. అక్కడితో పాట అయిపోయిందని చప్పట్లు మొదలయ్యాయి. నాగేంద్రమ్మ గారు చేయి ఎత్తి ఆపారు. హార్మోనియం ఆయనకూ తెలియదు, ఆగిపోయాడు. ఒట్టి గొంతుతోనే పాడారు.

దూలాన కట్టిన ఊయల విప్ప చేతులు రావే
చూడని బిడ్డ ఏడుపు చెవిని వీడి పోదే
ఒక్కడనే మోయలేను, ఇద్దరమై మోయుదమే, రావే

ఓబులయ్య గారు తల దించుకున్నారు. గొడుగు ఒళ్ళోంచి జారి కింద పడింది. తీసుకోలేదు.

అవ్వ పట్టు నా వేళ్ళ మీద బిగిసింది. "ఆ ఊయల మా ఇంట్లోది" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు.  చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియడం లేదు. అవ్వ నా చెవి దగ్గరకు వంగి, "మళ్ళా పాడమను" అంది.

ఎవరికి చెప్పాలి? ఎట్లా చెప్పాలి? లేచి నిలబడ్డాను. కాఫీ హోటలు సందులో తల వంచుకుని నడిచే నేను, మిషన్ బడి పంతులమ్మను, నిత్యానందం గారి సంఘం పిల్లను, అంతమంది మగవాళ్ళ ముందు, గొంతు చించుకుని, వన్స్ మోర్ అని అరిచాను. ఎవరూ అందుకోలేదు. మళ్ళీ అరిచాను. ఈసారి ఆడవాళ్ళ వైపు మొత్తం లేచింది.

ఆమె మళ్ళీ పాడారు. నాలుగు సార్లు పాడించాం. ఇంకా ఎక్కువేమో.

3 మార్చి, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే అవ్వ అరుగు మీద నుంచి పిలిచింది. నన్ను కూర్చోబెట్టుకుని చెప్పింది. తొలి కాన్పుకు పుట్టిల్లు పెద్దారవీడు పోయిందట. ఆడపిల్ల పుట్టి, పురిట్లోనే పోయింది. ఆయన చూడనే లేదు. కబురు పంపినా రాలేదు. అవ్వ దాదాపు ఏడాది అక్కడే ఉండిపోయింది. చివరికి ఆయన బండి కట్టుకుని వచ్చి, "పోదాం పా" అన్నాడట. అంతే. బిడ్డ మాట ఆ రోజూ ఎత్తలేదు, ఈ రోజుకూ ఎత్తలేదు. ఇంటికి వస్తే దూలానికి ఊయల వేలాడుతా ఉంది. ఏడుస్తా తానే విప్పింది. ఆయనకు మనసే లేదు, అందుకే దాన్ని విప్పను కూడా తోచలేదనుకుందట. ఇన్నేండ్లూ అట్లనే అనుకున్నా పంతులమ్మా అంది.

నిన్న ఇంటికి పోతూ దారిలో అడిగిందట, నాకెందుకు చెప్పలేదని. పాటలో చెప్పినా గదా, ఎప్పుడో ఒకనాటికి నీ చెవిన పడుతుందనుకున్నా అన్నాడట.

"వంటింట్లోకి పాటలు రావయ్యా అన్నా" అని చెప్పి, అవ్వ నవ్వడం మొదలు పెట్టింది. నవ్వుతూ నవ్వుతూ చాలాసేపు ఏడ్చింది. లోపల ఓబులయ్య గారు దగ్గినట్టు వినబడింది. ఆయన బయటికి వచ్చి, మా ఇద్దరి ముందూ ఒక్క క్షణం నిలబడి, "ఎండ పడతాంది, లోపలికి రాండి" అన్నారు.

ఇద్దరినీ.

4 మార్చి, సోమవారం

గొంతు పూర్తిగా పోయింది. పాఠాలన్నీ పలక మీద రాసి చూపించాను. నిత్యానందం గారు వచ్చి, జలుబా అని అడిగారు. తల ఊపాను.